పుల్లన్న వేసిన చివరి ముద్ర

ఎర్రవాగు అడవిలో జంతువులు కూడా పాలన కోసం ఒక కచేరీ నడిపేవి. నవ్వకండి. మనం నడిపే చాలా కచేరీల కన్నా అది మెరుగ్గానే నడిచింది, నక్క పానకాలు దాని మీద కన్నేసేదాకా.

అక్కడి పద్ధతి చాలా తేలిక. ఎవరికి ఎవరితో పని పడినా మోదుగాకు మీద ముల్లుతో గీసి పంపాలి. ఎవరు, ఎవరికి, ఏ రోజు, ఏం కావాలి, అంతే. ఆ ఆకును తాబేలు సూరమ్మ వీపు మీద పెట్టుకుని మోసుకెళ్ళేది. అందుకున్నవాళ్ళు చదివి, ఆకు వెనకవైపు తమ కాలి ముద్ర వేయాలి. వెనక ముద్ర పడిందంటే ముందున్నదంతా చదివినట్టే లెక్క. ఆ తర్వాత 'నాకు తెలీదు, నాకెవరూ చెప్పలేదు' అంటే చెల్లదు. ముద్ర పడిన ఆకును సూరమ్మ వెనక్కి తెచ్చి, ఎండిన నల్లమద్ది చెట్టు తొర్రలో రోజుల వరసలో పేర్చేది. ఎవరైనా మాట మార్చబోతే తొర్ర దగ్గరికి పిలిచి, ఎవరి ముద్ర వాళ్ళకే చూపించేది. కోప్పడేది కాదు, చూపించి ఊరుకునేది.

నిదానం మాట నిజమే. తాబేలు మోసే ఆకు పోయి రావడానికి రెండు రోజులు పట్టేది. మరీ ముంచుకొచ్చే పనైతే ఆకును లేడి నోటికి అందించేవాళ్ళు. అది అరపూటలో పులి దొరగారి గుహ దగ్గర వాలేది. దొరగారు విసుక్కుంటూనే లేచి, పంజా ముద్ర కొట్టి, మళ్ళీ పడుకునేవారు.

ఈ కచేరీకి ఉన్న పెద్ద పని వాగు మీది కట్టను కాపాడటం. ఆ పని ఎద్దు పుల్లన్నది. పద్నాలుగేళ్ళుగా ఆ కట్ట మీదే తిరుగుతున్నాడు. ఎక్కడ మట్టి కుంగినా కాలి కిందే తెలిసేది. అయితే కట్టకున్న తూము తెరవాలంటే మాత్రం దొరగారి పంజా ముద్ర ఉండాల్సిందే. ఒకప్పుడు ఒక దున్నపోతు తన తెలివి కొద్దీ తూము తెరిచిందట. దాన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు దొరగారికి ఆకలి వేయలేదని చెప్పుకుంటారు. అప్పటి నుంచి ఆ తూము దగ్గరికి వెళ్ళాలంటే అందరికీ వణుకే.

కట్ట కింద పల్లంలో కుందేళ్ళ బొరియలు ఉండేవి. ముప్పై కుటుంబాలు. కట్టకు అన్నిటి కన్నా దగ్గరగా ఉండేది చిట్టెమ్మ. ఆమెకు ఐదుగురు పిల్లలు, చివరివాడు పుట్టి పది రోజులు. తెల్లారి పుల్లన్న కట్ట ఎక్కగానే ఆమె బొరియలోంచి తల బయటపెట్టి, "అన్నయ్యా, కట్ట బాగుందా?" అని అడిగేది. బాగుందమ్మా అని ఆయన అనేదాకా పిల్లల్ని బయటికి వదిలేది కాదు. ఇది వాళ్ళిద్దరికీ రోజూ ఉన్న మాట.

ఆ ఏడు ఎండాకాలంలో కట్ట లోపలి వైపు రాళ్ళు జారిపోయి మట్టి బయటపడింది. వానలు పడేలోపు కొత్త రాళ్ళు పేర్చాలి. కొండ మీది నుంచి రాళ్ళు తెప్పించే పని నక్క పానకాలుది. ఆయన చేతి కింద పన్నెండు అడవిపందులు ఉండేవి. పుల్లన్న ఆకు రాశాడు. పానకాలు వెనక ముద్ర వేసి, అలాగే అని కబురు పెట్టాడు. రాళ్ళు రాలేదు. రెండో ఆకు వెళ్ళింది, మూడోది వెళ్ళింది, నాలుగోది వెళ్ళింది. నాలుగింటి మీదా నక్క కాలి ముద్ర పడింది, కట్ట దగ్గరికి మాత్రం గులకరాయి కూడా చేరలేదు. పందులేమో రోజూ రాళ్ళు దొర్లిస్తూనే ఉన్నాయి. ఆ రాళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయంటే, పానకాలు కొత్తగా కట్టించుకుంటున్న మూడు గదుల గుహకి.

నాలుగో ఆకు తొర్రలో పెడుతూ సూరమ్మ పుల్లన్నతో, వానలు మొదలైతే ఈ నాలుగూ తీసుకుని దొరగారి దగ్గరికి తానే వెళ్తానంది. ఆ మాట పానకాలు చెవిన పడింది. అలాంటి మాటలు ఆయన చెవిన పడకుండా ఉండవు.

వారం తిరక్కుండా పానకాలు దొరగారి కొలువులో లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని పొరుగు అడవుల ముచ్చట్లు మొదలుపెట్టాడు. అక్కడ ఆకుల బెడద ఎప్పుడో వదిలించుకున్నారట. మనం మాత్రం ఇంకా తాబేలు వీపు మీద పాలన నడుపుతున్నామట. వినడానికే సిగ్గుగా ఉందట. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. కొలువు ముందున్న చింతచెట్టు మీద గోరింకలున్నాయి కదా, చెప్పాల్సింది వాటికి చెబితే చాలు. అవి క్షణంలో అడవంతా తిరిగి అందరి చెవినా వేస్తాయి. విన్నవాళ్ళు ముద్రలూ గిద్రలూ వేయక్కర్లేదు, తోక ఊపితే సరిపోతుంది. ఎన్ని తోకలు ఊగాయో గోరింకలే వచ్చి చెబుతాయి.

"దొరగారూ, మీరు ఇక లేవక్కర్లేదు," అన్నాడు పానకాలు. "పడుకునే పరిపాలించవచ్చు. పొద్దున్నే అడవంతా మీకు శుభోదయం కూడా చెబుతుంది."

దొరగారికి మిగతాదంతా ఏమో గానీ పడుకునే అన్న మాట చాలా నచ్చింది. సూరమ్మ ముందుకు రావడానికి కాస్త సేపు పట్టింది. వచ్చి తల పైకెత్తింది.

"నేను నిదానమే దొరా, కాదనను. కానీ ఆకు మీద గీసింది రేపు కూడా అక్కడే ఉంటుంది. గోరింకకు చెప్పింది దాని గొంతులో ఉంటుంది. అది ఇంకో మాట అందుకున్నాక మొదటిదాన్ని ఎవర్ని అడగాలి?"

"ముసలమ్మకు బతుకుతెరువు పోతుందని బాధ," అన్నాడు పానకాలు మెత్తగా. కొలువంతా నవ్వింది. నాకైతే ఆ నవ్వినవాళ్ళ మీదే ఎక్కువ కోపం. నక్క తన పని తాను చేసుకుంది, వీళ్ళకేం వచ్చింది నవ్వడానికి?

మర్నాడు పానకాలు పెద్ద పెద్ద టేకాకులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కొత్త పద్ధతి నాకు ఇష్టమే అని ప్రతివాళ్ళూ చివరిసారిగా ఒక ముద్ర వేయాలని చెప్పాడు. పుల్లన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన కట్ట మీద మట్టి తొక్కుతున్నాడు. ఆకు సగానికి మడిచి ఉంది. పై సగంలో 'ఇక మీదట కబుర్లన్నీ గోరింకల ద్వారానే, ఇది నాకు సమ్మతం' అని రాసి ఉంది.

పుల్లన్న అది కూడబలుక్కుని చదివి, కింది మడతలో ఏముందని అడిగాడు.

"ఏముంటుంది పుల్లన్నా, అందరి ఆకుల్లోనూ ఒకటే రాత. ఎలుగుబంటి వేసింది, దుప్పులు వేశాయి, నీదే మిగిలింది."

"సూరమ్మత్తకు ఒకసారి చూపిస్తాను. ఆమెకి చూపు బాగా ఆనుతుంది."

"ఆమె తొర్ర ఖాళీ చేయించే పనిలో ఉంది. నువ్వు ఆలస్యం చేస్తే నీ ఒక్కడికీ కొత్త పద్ధతి ఇష్టం లేదని దొరగారితో చెప్పాల్సి వస్తుంది. తర్వాత నన్ననుకోకు."

పుల్లన్న ఎవరితోనూ పేచీ పెట్టుకునేవాడు కాదు. పద్నాలుగేళ్ళలో ఒక్క ఆకు కూడా చదవకుండా ముద్ర వేసినవాడు కాదు. ఆ రోజు మాత్రం అందరూ వేశారు కదా అనుకున్నాడు. నక్క ఆకును బోర్లా తిప్పి నేల మీద పెట్టింది. ఎద్దు వెనకవైపు గిట్ట ఆనించాడు. తడిమట్టి కాలేమో, ముద్ర చాలా చక్కగా పడింది.

అదే సమయంలో నల్లమద్ది చెట్టు దగ్గర ముప్పై మేకలు నిలబడి ఉన్నాయి. పాత ఆకులు ఊరికే పాడవుతున్నాయి కాబట్టి వాటికి మేతగా వేయమని ఉత్తర్వు వచ్చింది. సూరమ్మ అడ్డం నిలబడి చూసింది, బతిమాలింది. తాబేలు అడ్డం నిలబడితే మేకలు ఆగుతాయా? సాయంత్రానికి తొర్ర ఖాళీ. పుల్లన్న రాసిన నాలుగు ఆకులను ఒక బక్కమేక రెండు ముద్దల్లో నమిలేసి, మరీ ఎండిపోయాయని వంక కూడా పెట్టింది.

గోరింకల రాజ్యం మొదలైంది. మొదటి రోజు ముచ్చటగానే ఉంది. తెల్లారగానే అడవంతా శుభోదయాలు. దుప్పి శుభోదయం అంటే నలభై తోకలు, ఎలుగుబంటి శుభోదయం అంటే యాభై తోకలు, దొరగారు ఆవలిస్తే వంద తోకలు. పది రోజులు తిరిగేసరికి దుప్పులన్నీ ఎలుగుబంటి లేకుండా ఒక గుంపు పెట్టుకుని దానికి నాలుగు గోరింకల్ని పెట్టుకున్నాయి. పందులు నక్క లేకుండా ఒక గుంపు పెట్టుకున్నాయి. నక్క దానిలోనూ తన గోరింకను కూర్చోబెట్టింది. పుల్లన్నను అందరూ అన్ని గుంపుల్లోనూ చేర్చారు. ఆయన మట్టి తొక్కుతుంటే ఒక గోరింక వచ్చి కొమ్ము మీద వాలి ఎలుగుబంటికి తేనె దొరికిందని చెప్పేది. గడ్డి మేస్తుంటే ఇంకోటి వచ్చి, నిన్న పంది వేసిన ఛలోక్తి మళ్ళీ చెప్పేది. విననని ఎలా అంటాడు? వాటి మధ్యలో ఎక్కడో ఒక పని మాట ఉంటుందేమోనని అన్నీ వినేవాడు. ఈగల కోసం తోక విసిరితే, పుల్లన్నకు కూడా నచ్చిందని గోరింకలు లెక్కలో కలిపేసుకునేవి.

ఆయన రాళ్ళ సంగతి ఐదోసారి గోరింకకు చెప్పాడు. దానికి పన్నెండు తోకలు వచ్చాయి. రాళ్ళు రాలేదు.

శ్రావణంలో ఆకాశం చిల్లుపడింది. మూడు రోజులు ఏకధాటిగా వాన. నాలుగో రోజు పొద్దున వాన తగ్గింది కానీ వాగు నిండుగా ఉంది. పుల్లన్న కట్ట ఎక్కి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. కాలి కింద మట్టి మెత్తగా కదిలింది. వంగి చూస్తే అరచేతి వెడల్పున బీట, బయటి వైపు నుంచి బురదనీళ్ళు ఊరుతున్నాయి. లోపల రాళ్ళు పేర్చాల్సిన చోటికి సరిగ్గా ఎదురుగానే. తూము తెరిచి నీళ్ళు వదిలితే బరువు తగ్గి కట్ట నిలబడుతుంది. మధ్యాహ్నం లోపు తెరవాలి.

ఆ పొద్దున చిట్టెమ్మ ఎప్పట్లాగే తల బయటపెట్టింది. అన్నయ్యా, కట్ట బాగుందా అని అడిగింది. బాగుందని ఆయన అనలేదు. కాసేపు ఆగమ్మా, పిల్లల్ని బయటికి వదలకు అన్నాడు. అన్న తర్వాత, ఆ మాటే తప్పేమోనని ఆయనకు అనిపించింది.

వెంటనే గోరింకను పిలిచి చెప్పాడు. కట్ట బీట వారింది, తూము తెరవడానికి దొరగారి అనుమతి కావాలి, ఇప్పుడే కావాలి. గోరింక ఎగిరింది. ఖర్మ కొద్దీ ఆ రోజు దొరగారి పుట్టినరోజు. చింతచెట్టు మీద ఇసుక వేస్తే రాలనన్ని గోరింకలు. వెయ్యేళ్ళు వర్ధిల్లాలని ఎలుగుబంటి, పదివేల ఏళ్ళని దుప్పులు, అసలు ఏళ్ళ లెక్కే వద్దని పానకాలు. ఆ గోలలో పుల్లన్న మాట ఒక్కసారి వినబడి, ఆ మీద వచ్చిన శుభాకాంక్షల కింద పడిపోయింది. గోరింక తిరిగొచ్చి, నీ మాటకు నలభై ఒక్క తోకలు ఊగాయని సంతోషంగా చెప్పింది.

"దొరగారు ఏమన్నారు?"

"ఆయనా ఊపారు."

"తెరవమన్నారా?"

"ఊపారని చెప్పాను కదా."

పుల్లన్న రెండోసారి పంపాడు. ఈసారి జవాబు పానకాలు నుంచి వచ్చింది. పండగ పూట అపశకునం మాటలు వద్దట, దొరగారు తీరిక చేసుకుని చూస్తారట. మూడోసారి పంపబోతే గోరింక తనకు వేరే గుంపులో పని ఉందంది. ఆకు రాద్దామంటే ముల్లు ఉంది, మోదుగాకులు ఉన్నాయి. కానీ ఆకు తీసుకుని పరుగెత్తే లేడి ఇప్పుడు దుప్పుల గుంపులో శుభాకాంక్షలు అందించే పనిలో ఉంది.

బీట రెండు అరచేతుల వెడల్పు అయింది. పుల్లన్న పల్లంలోకి దిగి చిట్టెమ్మ బొరియ ముందు నిలబడ్డాడు.

"చిట్టెమ్మా, పిల్లల్ని తీసుకుని గుట్ట ఎక్కు. మిగతావాళ్ళకూ చెప్పు."

చిట్టెమ్మ అయోమయంగా చూసింది. ఇప్పుడే గోరింక వచ్చి చెప్పి వెళ్ళిందంది. కట్టకు ఏమీ కాలేదు, అంతా పుల్లన్న చూసుకుంటున్నాడు, పుకార్లు నమ్మకండి అని పానకాలు గారు కబురు పెట్టారట. దానికి అరవై తోకలు ఊగాయట.

"అరవై మంది అబద్ధం చెబుతారా అన్నయ్యా? చివరోడికి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఈ తడిలో గుట్ట మీదికి ఎట్లా తీసుకెళ్ళను?"

"నా మాట విను తల్లీ."

"నువ్వే చూసుకుంటున్నావని చెప్పారు కదా," అంది చిట్టెమ్మ. ఆమె అంత నమ్మకంగా అనేసరికి, పుల్లన్న పక్క బొరియల వైపు తిరిగి గుట్ట ఎక్కమని అరిచాడు. పక్క బొరియల వాళ్ళు కొందరు కదిలారు, కొందరు కదల్లేదు. ఆయన ఇక ఆగకుండా దొరగారి గుహ వైపు పరుగు తీశాడు. ఎద్దు పరుగు ఎంత వేగం ఉంటుంది! సగం దారిలో నిలబడిపోయాడు. ముద్ర లేకపోతే లేకపోయింది, దొరగారు తనని తింటే తిన్నారు, తూము తెరిచేద్దాం అనుకుని వెనక్కి తిరిగాడు. ఆ పని పొద్దున్నే చేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. పద్నాలుగేళ్ళు పద్ధతి ప్రకారం బతికినవాడు పద్ధతి తప్పడానికి ఒక పూట పట్టింది.

ఆయన తూము పలక మీద కొమ్ములు ఆనించేసరికి కట్ట పక్కనే కూలింది. ఎర్రనీళ్ళు పల్లంలోకి దూకాయి. ఎంత సేపని? గోరింక ఒక శుభాకాంక్ష చెప్పి వచ్చేంత సేపు. పద్దెనిమిది బొరియలు పోయాయి. చిట్టెమ్మ వేప కొమ్మకు తట్టుకుని బతికింది. ఆమె పిల్లలు ఐదుగురిలో ఒక్కరూ దక్కలేదు.

మర్నాడు కొలువు కూడింది. దొరగారికి నిద్ర చెడింది కాబట్టి కోపంగా ఉన్నారు. చచ్చిపోయిన కుందేళ్ళ కోసం కాదు ఆ కోపం, కింద నేలకు ఇక నీళ్ళు ఉండవని, జింకలు వలసపోతే తన భోజనం సంగతేమిటని. తప్పెవరిదని గర్జించారు. పానకాలు పుల్లన్న వైపు చూసి నిట్టూర్చాడు.

పుల్లన్న జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాళ్ళకు నాలుగు ఆకులు పంపానన్నాడు. అవెక్కడున్నాయని పానకాలు అడిగాడు. మేకలు తల దించుకుని నెమరు వేస్తున్నాయి. ఐదోసారి గోరింకతో చెప్పానన్నాడు, నిన్న పొద్దున రెండుసార్లు చెప్పానన్నాడు. పెద్ద గోరింకను పిలిచారు. అది తల ఒక పక్కకి వాల్చి ఆలోచించింది.

"నిన్న ఏడొందల శుభాకాంక్షలు చెప్పాం. అది బాగా గుర్తుంది. ఎద్దు ఏదో అన్నట్టుంది. ఏమన్నాడో గుర్తులేదు. పాత మాటలు మేము దాచుకోం."

"నలభై ఒక్క మంది విన్నారు," అన్నాడు పుల్లన్న. ఆయన కొలువు చుట్టూ చూశాడు. ఎలుగుబంటి గోళ్ళు చూసుకుంది. దుప్పులు ఆకాశం వైపు చూశాయి. నిన్న ఊగిన తోకలన్నీ కాళ్ళ మధ్యకి వెళ్ళిపోయాయి.

అప్పుడు పానకాలు కొత్త గుహలోంచి ఒక ఆకు తెప్పించాడు. టేకాకు, మడత విప్పి అందరికీ వినబడేలా చదివాడు. ఇక మీదట కబుర్లన్నీ గోరింకల ద్వారానే, ఇది నాకు సమ్మతం. అది పై సగం. కింది సగంలో ఇంకో రెండు మాటలు ఉన్నాయి. 'కట్టకు కావాల్సిన రాళ్ళన్నీ నాకు ముట్టాయి. ఈ రోజు నుంచి కట్టకు ఏం జరిగినా పూచీ నాదే.' చదవడం అయ్యాక ఆకు తిప్పి వెనకవైపు చూపించాడు. గిట్ట ముద్ర ఎంత చక్కగా పడిందో చూశాం కదా, ఇప్పుడూ అలాగే ఉంది.

"ఇది నీ గిట్టేనా?" అన్నారు దొరగారు.

"నాదే."

"వెనక ముద్ర పడితే ముందున్నదంతా చదివినట్టే. అవునా?"

"అవును దొరా," అన్నాడు పుల్లన్న. అది ఆయన పద్నాలుగేళ్ళు నమ్మిన పద్ధతి, ఇప్పుడు కాదని ఎలా అంటాడు?

సూరమ్మ వెనక వరసలోంచి మెల్లగా వచ్చింది. ఆమె వచ్చేదాకా ఎవరూ ఏమీ అనలేదు, అంత మాత్రం మర్యాద మిగిలింది.

"ఆకులన్నీ చెత్త అన్నావు పానకాలూ. మేకలకు వేయించావు. మరి ఈ ఒక్క ఆకు ఎందుకు దాచావు?"

పానకాలు తడుముకోలేదు. "పనికిరానివి మేకలకు వేశాం. పనికొచ్చేది దాచాం," అన్నాడు.

దొరగారికి అది చాలా సబబుగా తోచింది. పుల్లన్న ఆ పూటే అడవి దాటి పోవాలని తీర్పు చెప్పారు. చంపకుండా వదిలినందుకు కొలువంతా ఆయన దయను మెచ్చుకుంది. పుల్లన్న వెళ్తూ వెళ్తూ చిట్టెమ్మ ముందు ఆగాడు. ఆమె తడిసిన ఒళ్ళుతో ఒక పక్కన కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"నీ గిట్టే కదా అన్నయ్యా అది?" అంది.

ఆయన తల ఊపాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది. దొరగారు వేసిన శిక్షకు చెక్కుచెదరని ఎద్దు అక్కడ ఏడ్చాడు. తర్వాత పల్లం దాటి, పొలాల వైపు దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం గోరింకలు అడవంతా తిరిగి, పుల్లన్న ఇంతకాలం చేసిన సేవలకు కచేరీ కృతజ్ఞతలు తెలుపుతోందని చాటాయి. దానికి తొంభై మూడు తోకలు ఊగాయి.

కొత్త కట్ట పని పానకాలుకే అప్పగించారు.

మూడు రోజులకు సూరమ్మ గుట్ట మీద ఉన్న చిట్టెమ్మ దగ్గరికి చేరింది. నాలుగు ఆకుల సంగతి, వాటి వెనక నక్క ముద్రల సంగతి, అవి తన వీపు మీదే మోసిన సంగతి అంతా చెప్పింది.

"ఇది కొలువులో ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"ఆయన చెప్పాడు కదమ్మా. నేనూ చెప్పేదాన్నే. చూపించడానికి ఆకు లేదు. ఆకు లేకుండా తాబేలు మాట ఎవరికి కావాలి?"

చిట్టెమ్మ లేచి వెళ్ళి ఒక మోదుగాకు తెంపుకొచ్చింది. దాని మీద తన పిల్లల పేర్లు రాయమంది. వెనక దొరగారి ముద్ర వేయించుకుంటానంది. వాళ్ళు ఉన్నారని, నీళ్ళలో పోయారని, ఒక్కచోటైనా రాసి ఉండాలి కదా అంది. సూరమ్మ ముల్లు అందుకుని రాసింది. చుక్క, బుల్లి, తెల్లోడు, పొట్టోడు. ఐదోవాడికి ఇంకా పేరు పెట్టలేదు. వాడి కోసం కింద ఒక చిన్న గీత గీసింది.

ఇద్దరూ తాబేలు నడక నడిచి రెండు రోజులకు గుహ దగ్గరికి చేరారు. గుమ్మంలో పానకాలు ఉన్నాడు. ఆకులు మానేశాం కదమ్మా, గోరింకతో చెప్పి వెళ్ళు అన్నాడు. చిట్టెమ్మ ఆయన కాళ్ళ మధ్య నుంచి లోపలికి దూరింది. దొరగారు తిని పడుకుని ఉన్నారు. ఆమె ఆకును ఆయన పంజా ముందు బోర్లా పెట్టి, దణ్ణం పెట్టి, నిలబడింది. ముద్ర పడుతుందని చూస్తూ నిలబడింది.

దొరగారు కళ్ళు తెరవలేదు. వెనక ఎక్కడో ఒక ఈగ వాలింది. ఆయన తోక ఒకసారి లేచి, పడింది.

"దొరగారు విన్నారమ్మా," అన్నాడు పానకాలు. "ఇక వెళ్ళు."

నీతి: రాత ఎందుకు, మాట చాలు అనేవాడు తన దగ్గర ఏ రాత దాచుకున్నాడో చూడకుండా ముద్ర వేయకు.